తలకట్టు పట్టుకుని లేపిన అక్షరం

"మీ అమ్మాయి ఏం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "కంపూటర్ పని" అని చెప్పి, వెంటనే మాటను వంకాయల మీదికి మళ్లించేది. అందులో అబద్ధం లేదు. జంషెడ్‌పూర్ కద్మాలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. పెళ్లి పత్రికలు, దుకాణాల బోర్డులు, బడిపిల్లల ఐడీ కార్డులు డిజైన్ చేసి బతుకుతాను. కానీ నా అసలు పని అది కాదు. నేను తెలుగు అక్షరాలు చేస్తాను. టైపు కొట్టడం కాదు, చేయడం. ఏ వంపు దగ్గర లావెక్కాలి, ఎక్కడ సన్నబడాలి, ఏ అక్షరం పక్కన ఏది నిలబడితే రెండూ బాగుంటాయి అని చూసుకుంటూ, గుణింతాలు, వత్తులతో సహా ఒక్కొక్కటీ గీసి, కంప్యూటర్లో అందరూ వాడుకునేలా ఒక ఫాంటుగా కూర్చడం. ఈ సంగతి చెబితే మావాళ్లలో సగంమంది నవ్వేవారు, మిగతా సగం జాలిపడేవారు. నవ్వినవాళ్ల మీద కన్నా జాలిపడినవాళ్ల మీదే నాకు ఎక్కువ ఒళ్లు మండేది.

లావు అక్షరాలంటే నాకు మొదటినుంచీ పిచ్చి. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగితే ఎవరికైనా అంతేనేమో. ముత్తాతల నాడు ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ పనికి వచ్చిపడ్డవాళ్లం. వ్యాగన్ల మీద, క్రేన్ల మీద, ఫ్యాక్టరీ గేట్ల మీద ఎక్కడ చూసినా అరచేతి మందం గీతలతో రాసిన ఇంగ్లీషు అక్షరాలే. వాటిలోనూ గీతల చివర చిన్న చిన్న పాదాలు ఉండే రకం నాకు మరీ ఇష్టం. ఆ పాదాలనే సెరిఫ్ అంటారు. అవి ఉన్న అక్షరం ఎంత లావైనా తూలదు, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ పహిల్వానులా ఉంటుంది. ఆ ఠీవి తెలుగుకు తేవాలని నా కోరిక. తెచ్చుకోవడం అంత తేలిక కాదు. మన అక్షరం గుండ్రం. కంప్యూటర్లో మామూలు ఫాంటు తీసుకుని బోల్డ్ మీట నొక్కితే అది లావు కాదు, ఉబ్బుతుంది. లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. గారెకు చిల్లు పెట్టకపోతే మధ్యలో పచ్చిపిండి మిగులుతుంది కదా, అక్షరమూ అంతే. లావు చేయడమంటే నలుపు పెంచడం కాదు, లోపలి తెలుపును బతికించుకోవడం. ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి నాకు ఏళ్లు పట్టింది.

అలా గీస్తూ, చెరుపుతూ, మళ్లీ గీస్తూ ఒక లావు ఫాంటు దాదాపు పూర్తి చేశాను. దాన్ని వాడే దిక్కు మాత్రం లేదు. సరిగ్గా అప్పుడే మా ఊరి టాటానగర్ స్టేషన్ దగ్గరున్న మా తెలుగు సంఘం కల్యాణ మండపానికి మరమ్మతులు అయ్యాయి. కొత్త బోర్డు పెట్టాలన్నారు. ఉక్కు ఊళ్లో ఫ్లెక్సీ కడితే పరువు పోతుందని, అక్షరాలను స్టీలు పలకలోంచి కోయించి గోడకు బిగించాలని కమిటీ తీర్మానం. పైన హిందీ, మధ్యలో ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగులో "తెలుగు సంఘం కల్యాణ మండపం" అని ఉండాలి. రైల్వే ఓవర్‌బ్రిడ్జి మీద పోయే ఆటోల్లోంచి కూడా కనబడాలి.

నేను పరిగెత్తుకుంటూ వెళ్లి సంఘం ప్రెసిడెంటు గారికి నా అక్షరాలు చూపించాను. ఆయన రైల్వేలో రిటైరైన మనిషి, నాకు వరసకు బాబాయ్. కళ్లజోడు పైకి తోసి, కాయితాన్ని దూరంగా పట్టుకుని చూసి, తిరిగి నా చేతిలో పెట్టారు.

"అచ్చరాలు సేయడమేటమ్మా? తాతల నాటినుంచీ ఉన్నాయి గదా. కంపూటర్లో మీట నొక్కితే అయ్యే వత్తాయి."

"అలా వచ్చినవి ఇనుములో నిలబడవు బాబాయ్."

"నిలబడకేటి సేత్తాయి? పడుకుంటాయా?" అని పక్కనున్న కమిటీ వాళ్లను నవ్వించారు. ఆ సాయంత్రమే తన ఫోన్లో మూడు లైన్లూ కొట్టి, బోల్డ్ నొక్కి, గోవింద్‌పూర్‌లో స్టీలు కోసే వర్క్‌షాపుకు పంపేశారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ రోజు ఒక పెళ్లికొడుకు పేరును రెండుసార్లు తప్పు కొట్టాను.

అక్షరాలు కోసి వచ్చిన రోజు ఆదివారం. మండపం ముందు గచ్చు మీద గోనెసంచులు పరిచి వాటిని పేర్చారు. మా అమ్మా నేనూ వెళ్లాం. హిందీ మాటలు ఒక్కొక్కటీ ఒకే ముక్కగా ఉన్నాయి. హిందీకి నెత్తిమీద అడ్డగీత ఉంటుంది కదా, మాటంతా దాన్ని పట్టుకుని వచ్చేసింది. ఇంగ్లీషు అక్షరాలు దేనికది లక్షణంగా ఉన్నాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి చెట్టంత మనుషులందరూ వంగి, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నారు. స, ఘ, ప మీద తలకట్లు లేవు. మామూలుగానే ఈ అక్షరాల మీద తలకట్టు ఒంటికి అంటదు, కొంచెం ఎత్తులో విడిగా ఉంటుంది. కాయితం మీద అది చక్కగానే ఉంటుంది. ఇనుములో కోస్తే మాత్రం వేరే ముక్కై కిందపడుతుంది. తెలుగు రాని వర్క్‌షాపు వాళ్లు ఆ చిన్న ముక్కలను కోతలో రాలిన తుక్కు అనుకుని పారేశారు. ఇంకా వింత, "ల్యా" కింద ఉండాల్సిన య వత్తును గోడకు తగిలించే కొక్కెం అనుకుని, బోల్టుల సంచికి తీగతో కట్టి మర్యాదగా పంపారు.

మా అమ్మ హిందీ బడిలో చదువుకుంది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆమె కాసేపు చూసి, "ఓలమ్మ! బొట్టు నేని మొకాల్నాగున్నాయేటే" అంది.

ఎవరూ నవ్వలేదు. ప్రెసిడెంటు బాబాయ్ చెమట తుడుచుకుని తీర్పు చెప్పేశారు. "తెలుగుకి ఇనుం పడదు. అయినా ఇప్పుడు తెలుగు సదివేవోలెవులు? మన పిల్లలే హిందీలో జవాబు సెప్తన్నారు. ఆ లైను తీసేద్దాం. ఆ జాగాలో ఇంగ్లీసులో 'ఏసీ హాల్' అని పెడితే పెళ్లిబేరాలైనా వత్తాయి."

తెలుగువాళ్ల మండపం నుదుటిమీద తెలుగు ఉండదు, ఏసీ ఉంటుంది. నా గొంతు ఎంత పెద్దదో ఆ రోజే నాకు తెలిసింది.

"నాలుగు తరాలు మనం ఇనుంలోనే బతికినాం బాబాయ్! మనకి పడినాది, మన అచ్చరాలకి పడదేటి?"

పెద్దవాళ్ల ముందు అంత గట్టిగా అరిచినందుకు అమ్మ నా మోచెయ్యి గిల్లింది. కానీ కమిటీలో ఒకరిద్దరు తలలూపారు. బాబాయ్ అది గమనించారు. ఆయన మొండివారే గాని దుర్మార్గుడు కాదు. "సరే. కార్తీక సమారాధన రోజుకి బోర్డు ఎక్కాల. నీ అచ్చరాలే కోయించు. ఒక్క ముక్క రాలినా ఏసీ హాలే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే గోవింద్‌పూర్ వెళ్లాను. ట్రక్కుల ఫ్యాక్టరీకి పార్టులు కోసే షెడ్డు అది. నిప్పుల మొన ఒకటి స్టీలు పలక మీద పాకుతూ, మనం కంప్యూటర్లో ఏ గీత ఇస్తే ఆ గీత వెంట కోస్తుంది. మిషను నడిపే ఆయన బీహారీ, మాటల్లో తొందర ఎక్కువ. నేను ఎవరి తరఫున వచ్చానో తెలియగానే ఆయనే నామీద విరుచుకుపడ్డాడు. "దీదీ, హిందీ లైన్ సే లటకా హై, అంగ్రేజీ పాఁవ్ పే ఖడా హై. ఆప్‌కా తెలుగు కహాఁ టికా హై?" అన్నాడు. హిందీ గీతకు వేలాడుతోంది, ఇంగ్లీషు కాళ్లమీద నిలబడింది, మీ తెలుగు దేన్ని ఆనుకుని ఉంది అని.

వేలికన్నా సన్నంగా ఏ గీత ఉన్నా వేడికి వంకరపోతుందని కూడా చెప్పి, ఆయన మళ్లీ మిషను వైపు తిరిగాడు. షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికి వస్తున్నంతసేపూ ఆ ప్రశ్న నా చెవిలో గింగురుమంటూనే ఉంది. నిజమే కదా. ఇన్నేళ్లూ నేను తెలుగు అక్షరానికి పాదాలు ఎక్కడ పెట్టాలా అని వెతికాను. అడుగున పెట్టి చూశాను, వంపుల కొసలకు పెట్టి చూశాను, ఏది పెట్టినా కుండకు కాళ్లు అతికించినట్టు ఉండేది. కుండకు కాళ్లెందుకు? దాన్ని మూతి పట్టుకుని ఎత్తుతాం. మన అక్షరానికి సెరిఫ్ అడుగున లేదు, నెత్తిన ఉంది. ఆ తలకట్టే మన సెరిఫ్. దాన్ని గాలిలో వదిలేయడం మానేసి, ఒంటికి కలిపి, బరువు మోసేలా చేయాలి.

ఆటోలోనే "దొరికింది!" అని పైకి అనేశాను. పక్కావిడ తన పర్సు తడుముకుంది.

దొరికింది అనుకున్నంత తేలిగ్గా పని అవలేదు. మొదట తలకట్టును తెచ్చి నేరుగా అక్షరం మీద అంటించాను. ముద్రించి, మా వరండా గ్రిల్లుకు కట్టి, అమ్మను సందు చివర నిలబెట్టి చదవమన్నాను.

"మండ... వం. మండవమేటే?"

ప మూతి మూసుకుపోయింది, దూరానికి వ లాగా ఉంది. మళ్లీ మొదలు. ఈసారి తలకట్టును కుడివైపు కొస దగ్గర మాత్రమే ఒక పొట్టి మెడతో కలిపాను. మెడకు ఎడమపక్క తెల్లటి సందు వదిలాను. ఆ సందు ఉంటేనే ప ప లాగా ఉంటుంది. మెడ వేలి మందం ఉండాలి, లేకపోతే నిప్పుకు ఆగదు. మెడ లావైతే సందు ఇరుకవుతుంది. సందు పెంచితే తలకట్టు పక్కింటి అక్షరం మీదికి వాలుతుంది. ఘ అయితే నన్ను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది. పొట్టలో అన్ని మెలికలున్న అక్షరాన్ని లావు చేయడమంటే ఇరుకు ఇంట్లోకి బీరువా ఎక్కించడమే. చివరికి ఘ పొట్టను కొంచెం వెడల్పు చేసి, లోపలి గీతలను బయటి గీతలకన్నా సన్నంగా ఉంచాను. చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. తెలియకూడదు కూడా. య వత్తుకు పైకి ఒక భుజం ఇచ్చి ల్యా ఒంటికి కలిపేశాను, ఇక ఎవరూ దాన్ని కొక్కెం అనుకోరు. ఇవన్నీ అయ్యాక మిగతా అక్షరాలకూ అదే వరస పెట్టాను. తెలుగు, కల్యాణ అన్న మాటల్లోనూ ప్రతి తలకట్టూ ఇప్పుడు అదే కోణంలో, అదే బరువుతో లేచింది. వరసగా చూస్తే ఆ లైనంతా తలలెత్తి నిలబడ్డ మనుషుల్లా ఉంది.

అమ్మను మళ్లీ సందు చివరికి పంపాను. వంట మధ్యలో వచ్చింది కాబట్టి చేతిలో గరిటె ఉంది. పైగా ఎండ. కూడబలుక్కుంటుందని ఎదురుచూశాను. ఆమె ఆగకుండా, బస్సు బోర్డు చదివినట్టు, "తెలుగు సంఘం కల్యాణ మండపం! అయినాదా? పప్పు మాడతంది" అని కేకేసి లోపలికి వెళ్లిపోయింది. నేను ఆ సందులో ఒక్కదాన్నే ఎగిరాను. ఎదురింటి వరండాలో ఒకావిడ చూసి నవ్వింది, చూస్తే చూసింది.

కోసే రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. నిప్పుల మొన ఘ చుట్టూ తిరిగి, పొట్టలోకి దిగి, మెలికలన్నీ తిరిగి బయటికి వచ్చింది. లోపలి ఖాళీల ముక్కలు టంగుమని కిందపడ్డాయి. అవి పడాల్సినవే. తలకట్టు దగ్గర మొన మెడ పక్కగా పోతుంటే ఒక అడుగు ముందుకేసి చూశాను. మెడ వంగలేదు. చల్లారాక మిషను నడిపే ఆయన చేతికి తోలు గ్లవుజు వేసుకుని వచ్చాడు. పలకలోంచి అక్షరాన్ని రెండు చేతులా తీస్తాడనుకున్నాను. ఆయన తలకట్టు ఒక్కటే పట్టుకున్నాడు. పట్టుకుని, నా ఒడిలో పెడితే కాళ్లు విరిగేంత బరువున్న ఆ ఘ ను ఒంటిచేత్తో పైకి లేపాడు. లేపి, కుదిపాడు. ఏదీ రాలలేదు.

"అబ్ టికా, దీదీ" అన్నాడు. ఇప్పుడు నిలబడింది అని.

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. సిగ్గుపడలేదు. ఆ క్షణాన నా అంత గొప్పది ఈ ఊళ్లో లేదనిపించింది, ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

కార్తీక సమారాధన రోజు పొద్దుటికి బోర్డు ఎక్కింది. పూజ అయ్యాక, పులిహోర, గుమ్మడికాయ కూర వడ్డించేలోపు ప్రెసిడెంటు బాబాయ్ చెప్పకుండా గేటు దాటి వెళ్లిపోవడం చూశాను. వెనకాలే నేనూ వెళ్లాను. ఆయన ఓవర్‌బ్రిడ్జి ఎక్కి, మధ్యదాకా నడిచి, అక్కడ ఆగి వెనక్కి తిరిగారు. కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఎండ సూటిగా బోర్డు మీద పడుతోంది. హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. ఆ రెండింటి కిందా బోర్డు నిండా తెలుగు. మూడింటిలో దూరానికి ముందు కనిపించేది అదే. ఆయన పెదవులు కదిలాయి, చదువుకున్నారు. నన్ను చూసి కాస్త ఇబ్బంది పడి, దగ్గారు.

"ఇంగ్లీసు లైను కొంచెం బక్కగా కనిపిత్తంది గదమ్మా. దాన్ని కూడా నువ్వే సూడకపోయావా?"

ఆ మాట నాకు పెద్ద సన్మానం. శాలువా కప్పినా అంత సంతోషపడేదాన్ని కాదు. ఆకు ముందు కూర్చున్నాక ఆయనే పిలిచి నాకు రెండోసారి పాయసం వేయించారు.

ఆ తర్వాత నా అక్షరాలు నా చెయ్యి దాటిపోయాయి. మావాళ్లు ఇళ్ల గేట్లకు ఇంటిపేర్లు కోయించుకున్నారు. అమ్మవారి గుడి ద్వారానికి పెట్టారు. ఒకరికొకరు హిందీలోనే మాట్లాడుకునే క్రికెట్ టీము కుర్రాళ్లు వీపుల మీద తెలుగులో పేర్లు అచ్చు వేయించుకున్నారు. చదవడం రాకపోయినా "దమ్‌దార్ లగ్‌తా హై" అన్నారు, దమ్ముగా ఉందట. అలాగని ఎక్కడ పడితే అక్కడ వాడనివ్వను. ఒకాయన పెళ్లి పత్రిక మొత్తం ఈ లావు అక్షరాల్లో కొట్టమంటే, అది పిలుపులా ఉండదు, బెదిరింపులా ఉంటుందని వద్దన్నాను. చిన్న సైజులో సందులు పూడుకుపోతాయి. బరువైన అక్షరం నాలుగు మాటలకే, అదీ దూరంనుంచి చదవాల్సినవాటికే. కేక వేసే గొంతుతో కబుర్లు చెప్పకూడదు. మా మటన్ కొట్టాయన మాత్రం నా సలహా వినకుండా ధరల బోర్డంతా దాంతోనే నింపేశాడు. ఆ బోర్డు చూస్తే మేకలే కాదు, నేనూ భయపడతాను.

ఇక మొన్నటి సంగతి. అమ్మా నేనూ టాటానగర్ నుంచి షేర్ ఆటోలో ఇంటికి వస్తున్నాం. ఓవర్‌బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగిపోయింది. మా ఎదుట మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒక అమ్మాయి కూర్చుంది. అమ్మ వరసలు కలిపి ఆమె తెలుగు పిల్లేనని కనిపెట్టేసింది. అమ్మ తెలుగులో అడుగుతుంటే ఆమె హిందీలో జవాబులు చెబుతోంది. మాటల్లో ఆ అమ్మాయి కిందికి చూసి, బోర్డు బాగుందని, ముందు ఇక్కడ ఇది లేదు కదా అని అంది.

అమ్మ సర్దుకుని కూర్చుంది. నేను వంకాయల కోసం ఎదురుచూశాను.

"ఆ అచ్చరాలు మా గుంటే సేసినాది" అని నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇదిగో, ఇదే."

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "ఆంటీ, అక్షర్ భీ కోయీ బనాతా హై క్యా?" అంది. అక్షరాలు కూడా ఎవరైనా చేస్తారా అని. ప్రెసిడెంటు బాబాయ్ అడిగిన ప్రశ్నే. నేను ఇన్నేళ్లూ ఎంతమందికో, ఎన్ని విధాలుగానో చెప్పి చెప్పి విసిగిపోయిన ప్రశ్నే. నోరు తెరవబోయాను. అమ్మ నన్ను తెరవనివ్వలేదు.

"మరి ఎవులో ఒకలు సెయ్యకపోతే రాలిపోవేటమ్మా?" అంది.